చదువు కోసం ఇచ్చిన చిరునామా

అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థులు దాదాపు 13 లక్షల మంది. 2025 వసంతంలో అక్కడి ప్రభుత్వం వీళ్లందరి పేర్లనూ ఎఫ్‌బీఐ నడిపే నేర సమాచార డేటాబేస్‌లో వేసి చూసింది. పని చేసింది పది, ఇరవై మంది ఉద్యోగులు. పట్టిన సమయం రెండు మూడు వారాలు. 6,400 పేర్ల దాకా ఎక్కడో ఒకచోట తగిలాయి. ఆ వెంటనే వేలాది మంది విద్యార్థుల రికార్డుల్లో 'టెర్మినేటెడ్' అని పడింది. చాలామందికి ఆ సంగతి ప్రభుత్వం చెప్పలేదు. యూనివర్సిటీ అధికారులు ఎప్పటిలాగే కంప్యూటర్ తెరిచి చూసుకుని, కంగారుగా విద్యార్థికి ఫోన్ చేసి చెప్పారు.

కారణాలు బయటికి వస్తుంటే కోర్టులే నిర్ఘాంతపోయాయి. టెక్సాస్‌లో చదువుతున్న ఒక భారతీయ విద్యార్థిని 2018లో కారు వేగంగా నడిపినందుకు పోలీసులు ఆపారు. కేసు పెట్టారు, తర్వాత కొట్టేశారు. ఆ ముక్క అతను వీసా అధికారులకు ముందే చెప్పుకున్నాడు కూడా. ఏడేళ్ల తర్వాత అదే అతని చదువు మీదికి వచ్చింది. వాషింగ్టన్‌లో ఆ కేసు విన్న ఫెడరల్ జడ్జి అనా రేయెస్, ఈ దేశానికి చట్టబద్ధంగా వచ్చిన మనుషుల పట్ల ఇంత నిర్లక్ష్యమా అని ప్రభుత్వ న్యాయవాదులను నిలదీశారు. అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం అప్పట్లో సేకరించిన 327 కేసుల్లో సగం మంది భారతీయులే.

దేశమంతటా కోర్టులు వరసగా స్టేలు ఇచ్చాక, ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులను పునరుద్ధరిస్తామంది. ఆ వెంటనే కొత్త నిబంధనలు తెచ్చి, వీసా రద్దయితే రికార్డునూ రద్దు చేసే అధికారాన్ని తన చేతిలో పెట్టుకుంది. విద్యార్థులకు ఊరట దొరికింది కానీ, ఆ నెలలో వాళ్ల మీద ప్రయోగించిన పద్ధతి చెక్కుచెదరలేదు. భయపడాల్సింది దాని గురించే.

ఎఫ్‌బీఐ వారి ఎన్‌సీఐసీ అనే ఆ డేటాబేస్ 1967లో మొదలైంది. దొంగిలించిన కార్ల నంబర్ల నుంచి అరెస్టు వారంట్ల దాకా దేశంలోని పోలీసు విభాగాలన్నీ అందులో వివరాలు వేస్తాయి. రోడ్డు మీద కారు ఆపిన కానిస్టేబుల్‌కు, లోపలున్నది ప్రమాదకరమైన మనిషా కాదా అని క్షణంలో తెలియాలన్నది దాని ఉద్దేశం. ఆ పనికి అది అవసరమే. అయితే అరెస్టయిన సంగతి ఎక్కినంత చురుగ్గా కేసు కొట్టేసిన సంగతి ఎక్కదు. ఈ లోపం అందరికీ తెలుసు. తెలిసే 2003 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఒక నిబంధన తెచ్చింది. ప్రభుత్వ రికార్డులు కచ్చితంగా, సమగ్రంగా ఉండాలని ప్రైవసీ చట్టం పెట్టిన షరతు ఈ డేటాబేస్‌కు వర్తించదని తనకు తానే మినహాయింపు ఇచ్చుకుంది. కచ్చితత్వానికి పూచీ లేని ఆ రికార్డును చూసి 2025లో పిల్లల చదువులు ఆపేశారు.

విదేశీ విద్యార్థుల రికార్డులుండే రెండో డేటాబేస్ పేరు సెవిస్. తెలుగు ఇళ్లలో ఈ మాట తెలియని తల్లిదండ్రులు ఇప్పుడు తక్కువ. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం వచ్చాక కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు దానిదే. తన మీద నిఘా పెట్టే వ్యవస్థకు తన జేబులోంచే డబ్బు కట్టి విద్యార్థి విమానం ఎక్కుతాడు. 1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద జరిగిన బాంబు దాడిలో పాల్గొన్నవారిలో ఒకడు విద్యార్థి వీసా మీద వచ్చినవాడు. దాంతో 1996లో చట్టం చేశారు. 2001 దాడుల తర్వాత అది పరుగందుకుంది. దాడులు జరిగి ఆరు నెలలయ్యాక, చనిపోయిన ఇద్దరు హైజాకర్లకు విద్యార్థి వీసా మంజూరైందంటూ ఫ్లోరిడాలోని విమాన శిక్షణ సంస్థకు ఉత్తరాలు వచ్చాయి. ఇమ్మిగ్రేషన్ శాఖ అంత అధ్వానంగా ఉండేది. కాబట్టి 2003లో సెవిస్ అమల్లోకి వచ్చినప్పుడు దాన్ని తప్పుపట్టడానికి పెద్దగా కారణం లేదు. ఎవరు ఏ కాలేజీలో చేరారు, ఎక్కడ ఉంటున్నారు, చదువుతున్నారా మానేశారా అన్నది ప్రభుత్వం తెలుసుకోవాలనుకోవడం న్యాయమే. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలి. చదువయ్యాక ఉద్యోగ శిక్షణకు అనుమతించే ఓపీటీలో చేరితే కంపెనీ పేరు, చిరునామా ఇవ్వాలి. మన పిల్లలు నిజాయితీగా ఇచ్చారు.

ఆ చిరునామా ఏయే చేతుల్లోకి వెళ్తుందో తెలుగువాళ్లకు మొదట తెలిసొచ్చింది 2011 జనవరిలో. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద ఇమ్మిగ్రేషన్ అధికారుల దాడి జరిగింది. యాజమాన్యం వీసాల వ్యాపారం చేసింది. దాని యజమానురాలికి తర్వాత పదహారేళ్ల పైచిలుకు జైలుశిక్ష పడింది. కానీ అక్కడ చేరిన విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీ కదా అనే వాళ్లలో చాలామంది చేరారు. వాళ్లలో కొందరి కాళ్లకు జీపీఎస్ పట్టీలు తొడిగారు. ఆ ఫొటోలు చూసి హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా అందరూ మండిపడ్డారు. ఎనిమిదేళ్ల తర్వాత మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే ఒక బూటకపు విద్యాసంస్థను నడిపి, అందులో చేరినవారిని 2019 జనవరిలో అరెస్టు చేసింది. అది గుర్తింపు పొందిన సంస్థ అని ప్రభుత్వ జాబితాలోనే చూపించారు. చేరినవాళ్లలో తరగతులు లేవని తెలిసే చేరినవాళ్లున్నారు, మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఎవరెంత తప్పు చేశారన్నది వేరే చర్చ. విద్యార్థి నమ్మి చూసుకునే అధికారిక జాబితాలోనే ప్రభుత్వం తెలిసి అబద్ధం రాసిందన్నది మాత్రం కాదనలేని నిజం.

ఇలాంటివి అడ్డుకోవడానికి అమెరికాలో చట్టం లేదా? ఉంది, మంచి చట్టమే. 1960లలో ప్రభుత్వ సమాచారం అంతా ఒకచోట పోగుచేసే జాతీయ డేటా కేంద్రం పెడదామంటే అమెరికా జనం, కాంగ్రెస్ సభ్యులు గట్టిగా ఎదిరించి ఆపేశారు. 1973లో ఒక ప్రభుత్వ సలహా సంఘం, ఒక పనికోసం తీసుకున్న సమాచారాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా మరో పనికి వాడకూడదని సిఫారసు చేసింది. ఆ మరుసటి ఏడే వాటర్‌గేట్ కుంభకోణంతో నిక్సన్ దిగిపోయాడు. 1974 చివరి రోజున ప్రైవసీ చట్టం వచ్చింది. తన గురించి ప్రభుత్వం ఏం రాసి పెట్టిందో చూసుకునే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు, దుర్వినియోగమైతే కోర్టుకెక్కే హక్కు పౌరులకు దక్కాయి.

అయితే ఆ చట్టం రక్షించేది అమెరికా పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని మాత్రమే. ఉద్యోగ వీసా హెచ్‌1బీ, విద్యార్థి వీసా ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు దాని పరిధిలో లేరు. 1974లో ఇది పెద్ద విషయంగా కనిపించి ఉండదు. అప్పట్లో వీసా మీద వచ్చినవాడు కొంతకాలం ఉండి పోయేవాడు, లేదా గ్రీన్‌కార్డు తెచ్చుకునేవాడు. ఇప్పుడు సంగతి వేరు. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరస దశాబ్దాలకు చేరింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో ఒక తెలుగు ఇంట్లోకి తొంగి చూస్తే ఈ చట్టం గీసిన గీత ఎంత వింతగా ఉందో తెలుస్తుంది. పదిహేనేళ్లుగా పన్ను కడుతున్న తండ్రిది హెచ్‌1బీ, తల్లిది జీవిత భాగస్వామికిచ్చే హెచ్‌4, అక్కడే పుట్టిన ఇద్దరు పిల్లలు అమెరికా పౌరులు. ఒకే చిరునామా, ఒకే వంటిల్లు. పిల్లల రికార్డుకు రక్షణ ఉంది, తల్లిదండ్రుల రికార్డుకు లేదు.

ఈ తేడా విమానాశ్రయంలోనూ కనిపిస్తుంది. ముఖాన్ని గుర్తుపట్టే కెమెరా ముందు పౌరుడి ఫొటో తీస్తే పన్నెండు గంటల్లోపు చెరిపేయాలి. విదేశీయుడి ఫొటోను 75 ఏళ్ల దాకా దాచుకోవచ్చు. 2025 డిసెంబర్ 26 నుంచి దేశం విడిచి వెళ్లేటప్పుడు కూడా విదేశీయులందరి ఫొటోలూ తీసే నిబంధన వచ్చింది. పాతికేళ్ల వయసులో ఎమ్మెస్‌కు వెళ్లిన అమ్మాయి ముఖం ఆమెకు నూరేళ్లు నిండేదాకా ఆ భాండాగారంలో ఉండగలదు. ఆమె ఈలోగా విజయవాడ తిరిగొచ్చి స్థిరపడినా అంతే.

జార్జి డబ్ల్యూ. బుష్ హయాంలో అంతర్గత భద్రతా శాఖ ఈ కొరతను కొంత పూడ్చింది. ఒకే ఫైళ్లలో పౌరులు, విదేశీయులు కలిసి ఉన్నప్పుడు ఇద్దరికీ ఒకే మర్యాద పాటిస్తామని విధానం పెట్టుకుంది. ట్రంప్ మొదటిసారి గద్దెనెక్కిన అయిదు రోజులకు, 2017 జనవరి 25న, ఒక్క సంతకంతో దాన్ని తీసేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో వలసదారుల ఫైళ్లలో సోషల్ మీడియా వివరాలు కూడా చేరతాయని నోటీసు ఇచ్చారు. ఆ ఫైళ్లు మనిషి పౌరసత్వం తీసుకున్నాక మూతపడవు. అంటే 1990లలో వెళ్లి, ప్రమాణం చేసి అమెరికన్ అయిన తెలుగు డాక్టరు గారి ఫైలు కూడా అందులోనే ఉంటుంది.

పౌరులు తమకేం సంబంధమనుకోవడానికి వీల్లేని చోటు ఇది. విదేశీయుల కోసమని కట్టిన ప్రతి వ్యవస్థా కొన్నేళ్లకు పౌరుల వైపు తిరుగుతోంది. సేవ్ అనే వ్యవస్థనే తీసుకుంటే, 1986 నాటి చట్టంతో పుట్టిన దాని పని, ప్రభుత్వ సాయం కోరిన వలసదారుకు అర్హత ఉందో లేదో తేల్చడం. 2025లో దాన్ని సోషల్ సెక్యూరిటీ రికార్డులతో కలిపేశారు. ఇప్పుడు అమెరికాలో పుట్టిన వాళ్ల పేర్లు కూడా లక్షల్లో ఒకేసారి వేసి వెతకొచ్చు. టెక్సాస్ రాష్ట్రం తన ఓటర్ల జాబితా మొత్తాన్ని, అంటే కోటీ 80 లక్షలకు పైగా పేర్లను, అందులో వేసి 2,724 మంది పౌరులు కాకపోవచ్చని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. కౌంటీలకు జాబితాలు వెళ్లాయి. ఆస్టిన్ నగరం ఉన్న ట్రావిస్ కౌంటీలో చూస్తే, అనుమానితుల్లో నాలుగోవంతు మంది డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నప్పుడే పౌరసత్వ పత్రాలు చూపించినవారు.

ఈ తప్పు ఎందుకు వస్తుందో మనవాళ్ల జీవితాల్లోంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఎమ్మెస్‌కు వెళ్లిన కొత్తలో సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుంటారు. అప్పటికి విదేశీయులు. ఇరవై ఏళ్లకు పౌరసత్వం వస్తుంది. ఆ సంగతి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు విడిగా చెప్పుకోకపోతే పాత రికార్డు అలాగే ఉండిపోతుంది. పింఛను లెక్కకు దాంతో పెద్ద నష్టం లేదు. ఓటు హక్కును అదే రికార్డుతో కొలిస్తే మాత్రం ప్రమాణం చేసి పాస్‌పోర్టు తీసుకున్న మనిషి ఒక ఉదయం లేచి తాను పౌరుణ్నేనని నిరూపించుకోవాలి. గడువులోపు జవాబివ్వకపోతే ఓటు పోతుంది.

పన్నుల శాఖదీ ఇదే కథ. నిక్సన్ తన రాజకీయ శత్రువుల మీదికి పన్ను అధికారులను ఉసిగొల్పాలని చూశాక, 1976లో పన్ను వివరాలకు గట్టి గోప్యత కల్పించారు. ఆ భరోసాతోనే పత్రాలు లేని కూలీలు కూడా ఐటిన్ నంబరు తీసుకుని ఏటా పన్ను కడుతూ వచ్చారు. హెచ్‌4 మీద ఉన్న మన ఇల్లాళ్లకూ ఆ నంబరే. 2025 ఏప్రిల్‌లో ఆ శాఖ ఇమ్మిగ్రేషన్ అధికారులతో ఒప్పందం చేసుకుంది. తాత్కాలిక కమిషనర్ మెలనీ క్రౌజ్ రాజీనామా చేశారు. ఆగస్టులో దాదాపు 47 వేల మంది వివరాలు చేతులు మారాయి. నవంబర్‌లో కోర్టు అడ్డుకుంది. అప్పటికే ఇచ్చేసిన వివరాలను అవతలివాళ్ల కంప్యూటర్లలోంచి ఏ కోర్టు తీర్పూ పూర్తిగా తుడిచెయ్యలేదు. పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ వివరాలూ అదే ఏడాది ఇమ్మిగ్రేషన్ అధికారులకు చేరాయి. దీనికంతటికీ మూలం ఆ మార్చిలో అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు. శాఖల మధ్య సమాచారానికి ఉన్న అడ్డుగోడలు వృథాకు, మోసానికి దారితీస్తున్నాయని, వాటిని తీసేయాలని దాని సారాంశం. వాటర్‌గేట్ అనుభవంతో ఆలోచించి కట్టిన గోడలవి.

ప్రభుత్వం వైపు వాదనకూ బలం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయడం సరికాదు. వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం ఏ దేశానికైనా సొంత నిర్ణయం. నేరస్థులు విద్యార్థుల ముసుగులో ఉంటే కనిపెట్టాల్సిందే. మోసాలు చేసే కన్సల్టెన్సీలు హైదరాబాద్‌లో లేవని ఎవరూ అనలేరు. కానీ 6,400 పేర్లు తగిలినప్పుడు ఒక్కో ఫైలు తెరిచి, కేసు ఏమైందో చూసి, విద్యార్థికి ఒక ఉత్తరం రాసి వివరణ అడగడానికి పట్టే సమయమెంత? కొన్ని నెలలు. ఆ కొన్ని నెలలు ఆగలేకపోవడానికి దేశ భద్రత కారణమని ఏ కోర్టులోనూ ప్రభుత్వం నిరూపించలేదు.

2025 జూన్ నుంచి విద్యార్థులు, డిసెంబర్ 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలి. ఆ నిబంధన అమలుకే డిసెంబర్‌లో ఉండాల్సిన ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి వెళ్లి, సెలవుకు ఇంటికొచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకున్నారు. ఉద్యోగాల గోల వార్తల్లోకి వచ్చింది. రాని సంగతి ఇంకొకటుంది. తెరిచిన ఆ ఖాతాలో ఉన్నది ఒక్కరి జీవితం కాదు. చెల్లెలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు, స్నేహితురాలు ధైర్యం చేసి పెట్టిన వ్యాఖ్య, అన్నగారి రాజకీయ అభిప్రాయం, పిల్లల స్కూలు యూనిఫాం మీది పేరు అన్నీ అందులో ఉంటాయి. గుంటూరులో ఉన్న ఆ చెల్లెలు ఏ వీసాకూ దరఖాస్తు పెట్టుకోలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. కాన్సులేట్ అధికారి ఒక్కడికే కాదు, దారినపోయే ప్రతివాడికీ ఆ ఫొటోలు కనిపించాలన్న షరతును ఏ భద్రతా కారణమూ సమర్థించలేదు.

ఇది ఒక్క ట్రంప్ పాలన చేసిన పని అనుకుంటే పొరపాటు. 1942లో పసిఫిక్ తీరం నుంచి లక్షా 20 వేల మంది జపాన్ సంతతివారిని శిబిరాలకు తరలించినప్పుడు అధ్యక్షుడు రూజ్వెల్ట్. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. ఏ వీధుల్లో ఎంతమంది ఉన్నారో చెప్పడానికి జనాభా లెక్కల శాఖ తోడ్పడింది. యుద్ధకాల చట్టంతో గోప్యతను సడలించాక, 1943లో వాషింగ్టన్ ప్రాంతంలోని జపాన్ సంతతివారి పేర్లు, చిరునామాలు ఖజానా శాఖకు అందాయి. ఈ సంగతిని పరిశోధకులు మార్గో ఆండర్సన్, విలియం సెల్ట్జర్ ఆధారాలతో బయటపెట్టింది 2007లో. అప్పటికి అరవై నాలుగేళ్లు గడిచాయి. 2002లో ముస్లిం దేశాల మగవాళ్లను పేర్లు నమోదు చేయించుకోమన్నప్పుడు బుష్ అధ్యక్షుడు. 80 వేల మందికి పైగా వెళ్లి వరసలో నిలబడితే 13 వేల మంది మీద దేశం నుంచి పంపించే కేసులు పెట్టారు. ఉగ్రవాది అని ఒక్కరి మీదా నేరం రుజువు కాలేదు. చట్టానికి లోబడి స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే దొరికారు.

మన దగ్గర సంగతీ చూసుకోవాలి. తెలంగాణలో 'సమగ్ర వేదిక' పేరుతో రకరకాల ప్రభుత్వ రికార్డులను పేర్లతో జతకలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉందని తేల్చారు. రిక్షా తొక్కి బతికి చనిపోయిన ఒకాయనకు కారుందని కంప్యూటర్ చెప్పడంతో ఆయన భార్యకు రేషన్ అందలేదు. పేరు కలిసిన మరో మనిషి కారది. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ పరిశీలనలో వేల కుటుంబాలు అర్హులేనని తేలాయి. వీసా పోయిన విద్యార్థికీ, బియ్యం పోయిన వితంతువుకూ జరిగింది ఒకటే. ముందు శిక్ష పడింది, విచారణ తర్వాత వచ్చింది.

2017లో పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. దాన్ని వాళ్లు చూసింది ప్రధానంగా రాజ్యాంగం 21వ అధికరణంలో. ఆ అధికరణం పౌరులకే పరిమితం కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది. ఈ విషయంలో మన రాజ్యాంగం అమెరికా ప్రైవసీ చట్టం కన్నా పెద్దమనసున్నది. కానీ 2023లో తెచ్చిన డేటా రక్షణ చట్టంలోని 17వ సెక్షన్, భద్రత పేరుతో కేంద్రం తనకిష్టమైన ప్రభుత్వ సంస్థలను మొత్తంగా ఆ చట్టం నుంచి మినహాయించే వీలు కల్పించింది.

మన ప్రభుత్వం అమెరికాను అడగాల్సింది ఒకటుంది. 2016లో అమెరికా జ్యుడీషియల్ రెడ్రెస్ చట్టం చేసింది. ఎంపిక చేసిన దేశాల పౌరులకు ప్రైవసీ చట్టంలోని కొన్ని హక్కులు అది ఇస్తుంది. ఫ్రాన్స్ విద్యార్థి తన రికార్డులో తప్పుంటే అమెరికా కోర్టుకు వెళ్లే దారి దాంతో కొంతైనా తెరుచుకుంది. భారతీయ విద్యార్థికి తెరుచుకోలేదు, ఎందుకంటే భారత్ ఆ జాబితాలో లేదు. యూరప్‌కు అది ఊరికే రాలేదు. పోలీసు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందానికి ముందు, మా పౌరులకు మీ కోర్టుల్లో హక్కు ఉండాలని పట్టుబట్టి సాధించుకుంది. అదే ఏడాది, 2016 జూన్‌లో భారత్ కూడా ఉగ్రవాద అనుమానితుల సమాచారం పంచుకునేందుకు అమెరికాతో ఒప్పందం చేసుకుంది. భారతీయులకు మాత్రం అలాంటి హక్కు రాలేదు.

తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు ట్రైవ్యాలీ, ఫార్మింగ్టన్ సమయాల్లో లాయర్లను పెట్టి పిల్లలను ఆదుకున్నాయి. ఆ సేవ గొప్పది. ఇప్పుడు అవే సంఘాలు, వాటి మహాసభలకు ఏటా విమానాలెక్కి వెళ్లే మన ఎంపీలు, మంత్రులు కలిసి విదేశాంగ శాఖ మీద ఒత్తిడి పెట్టాలి. వాణిజ్య చర్చల్లో డేటా మాట వచ్చిన ప్రతిసారీ జ్యుడీషియల్ రెడ్రెస్ జాబితాలో భారత్ పేరు చేర్చాలన్న షరతు ఢిల్లీ ముందుంచాలి. అలా అడిగే ముందు 17వ సెక్షన్ మినహాయింపులను పార్లమెంటు కుదించాలి. ఏ సంస్థకు, ఎందుకు, ఎంతకాలం మినహాయింపు ఇచ్చారో సభకు చెప్పాలని, పేరు కలిసిందన్న ఒక్క కారణంతో ఎవరి రేషన్, పింఛను, ఓటు ఆపకూడదని చట్టంలో రాయాలి.